గూడబాతు పుట్టిల్లు

సంక్రాంతికి అత్తవారింటికి వెళ్ళిన అల్లుడి అవస్థ చదువరులకు నేను వర్ణించి చెప్పనక్కరలేదు. అందులోనూ ఆ అత్తవారిల్లు గోదావరి డెల్టాలో ఉంటే ఇక చెప్పేదేముంది? అరిసెలు, సున్నుండలు, జంతికలు, పూతరేకులు ఒకదాని వెనుక ఒకటి వచ్చి పళ్ళెంలో వాలుతూనే ఉంటాయి. వద్దంటే అత్తగారికి కోపం, తింటే పొట్టకు కష్టం. మా అత్తవారిది గణపవరం. పెళ్ళయి పద్దెనిమిదేళ్ళయింది గనుక నేను కొత్త అల్లుణ్ణి కాను. అయినా మర్యాదల్లో వీసమెత్తు లోపం లేదు.

భోగినాడు తెల్లవారుజామున ఢాంఢామ్మని టపాకాయల మోతకు మెలకువ వచ్చింది. పండగ కదా, పిల్లలు కాలుస్తున్నారనుకున్నాను. పండగనాడూ అదే మోత, కనుమనాడూ అదే మోత. ఈ ఊళ్ళో దీపావళి ఇంకా వెళ్ళలేదా ఏమిటని మా బావమరిదిని అడిగాను.

"పండగకి కాదు బావగారూ, పక్షులకి," అన్నాడతను.

ఊరి శివారున మా మామగారి హయాంలో వరి పండిన చేను ఇప్పుడు చేపల చెరువైంది. బొచ్చె, శీలావతి వేసి పెంచుతున్నాడు మా బావమరిది. తెల్లవారకముందే కొంగలు, నీటికాకులు, గూడబాతులు వచ్చి వాలుతాయట. వాటిని తోలడానికి ఒక మనిషిని జీతమిచ్చి పెట్టుకున్నాడు. ఆ మనిషి చేతిలో ఒక వడిసెల, సంచీలో టపాకాయలు. ఇవి చాలనట్టు చెరువు ఈ గట్టునుంచి ఆ గట్టుకు సన్నని నైలాను దారాలు బారులు తీర్చి కట్టాడు. పెద్దపక్షి రెక్క విప్పుకుని దిగలేదు.

"ఒక్కో గూడబాతు నోరు తెరిచిందంటే నా అప్పుమీద వడ్డీ పెరిగినట్టే," అన్నాడు. పోయిన ఏడు చేపకు తెగులు తగిలి సగం పోయింది. మేతకు తెచ్చిన అప్పు ఇంకా అలాగే ఉంది. అతని మాటలో నవ్వున్నా మొహంలో లేదు.

ఆ నోటితోనే, "రేపు మిమ్మల్నందర్నీ ఆటపాక తీసుకెళతాను. గూడబాతుల్ని చూద్దురుగాని. జనం ఎక్కడెక్కడినుంచో వస్తారు," అన్నాడు.

"ఏమోయ్, ఇంటిదగ్గర టపాకాయలు పెట్టి తోలుతూ, అక్కడికి వెళ్ళి టిక్కెట్టు కొని చూడటమా?" అన్నాను.

"అక్కడివి గవర్నమెంటు పక్షులు బావగారూ. ఇక్కడికొచ్చేవి దొంగపక్షులు!"

కనుమనాడు కాకి కూడా కదలదంటారు. అందుచేత ముక్కనుమనాడు ఉదయం మా ఆవిడ, మా అమ్మాయి, నేను బావమరిది కారులో బయలుదేరాం.

గణపవరంనుంచి ఆకివీడుదాకా దారికి రెండు పక్కలా చూస్తూ కూర్చున్నాను. ఇక్కడొక దాళ్వా మడి, నాట్లు వేసిన కొత్త పచ్చదనం. దాని పక్కనే నాలుగు చెరువులు. గట్లమీద కొబ్బరిచెట్లు, నీళ్ళలో గిరగిర తిరుగుతూ తెల్లని నురగ చిమ్మే ఏరియేటర్లు, మేత బస్తాలు దించుతున్న లారీలు. ఒకప్పుడు ఈ సీమను వర్ణించాలంటే కవికి వరిచేలు చాలేవి. ఇప్పుడు వర్ణించేవాడు ముందు చేపల ధర తెలుసుకోవాలి. ఇందులో నిష్ఠూరమేమీ లేదు. వరి గిట్టుబాటు కాని రైతు చెరువు తవ్వాడు. ఆ అన్నమే మా అత్తగారు నాకు కొసరి కొసరి వడ్డించింది.

ఆకివీడు దాటగానే ఉప్పుటేరు వంతెన వచ్చింది. కారు ఆపించి దిగాను. కొల్లేరు తన నీటిని సముద్రానికి పంపుకునే దారి ఇదొక్కటే. పైనుంచి బుడమేరు, తమ్మిలేరు మొదలైన ఏళ్ళు తెచ్చి పోసిన నీరంతా కొల్లేటిలో నిలిచి, నిదానంగా ఈ ఏటిగుండా బంగాళాఖాతానికి పోవాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి బెజవాడలో ఇళ్ళను ముంచింది గుర్తుందా? ఆ నీరు చివరికి చేరవలసింది కొల్లేటికే. కృష్ణా గోదావరుల నడుమ దేవుడు పెట్టిన పెద్ద గంగాళం అది. గంగాళంలో సగం పూడ్చుకుంటే నీరు వంటింట్లోకే వస్తుంది.

ఈ ఉప్పుటేటిని గురించి ఒక కథ ఉంది. చెప్పేవారు పలు రకాలుగా చెబుతారు. కొల్లేటి నడుమ లంకమీద, ఇప్పుడు పెద్దింట్లమ్మ వెలిసిన కొల్లేటికోటలో, ఒక గజపతి రాజు ఉండేవాడట. చుట్టూ నీరు ఉండగా కోట పట్టుబడదు. అందుకని నీటిని సముద్రంలోకి తీసేయడానికి కాలువ తవ్వించారట. పని నెరవేరడానికి ఒక సేనాని తన కన్నకూతుర్నే బలి ఇచ్చాడట. ఆ పిల్ల పేరంటాలైంది. కాలువకు పేరంటాల కనుమ అని పేరు వచ్చింది.

ఇంకా వెనక్కి వెళితే, 634లో రవికీర్తి రచించిన ఐహోలు శాసనంలో రెండవ పులకేశి జైత్రయాత్రను చెబుతూ, చచ్చినవాళ్ళ నెత్తుటితో ఒక సరస్సు నీరు రంగు మారిందని ఉంది. ఆ కునాల సరస్సు మన కొల్లేరేనని చరిత్రకారులు చెబుతారు. పుస్తకాల్లో చదివినప్పుడు ఇవన్నీ పాఠాలుగానే ఉంటాయి. వంతెనమీద నిలబడి చూస్తే, ఈ నీటికోసం మనుషులు పద్నాలుగు వందల ఏళ్ళుగా కొట్టుకుంటూనే ఉన్నారని తోస్తుంది.

కైకలూరుకు ఆనుకునే ఉంది ఆటపాక. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు ఈ ప్రాంతం కృష్ణాజిల్లానుంచి ఏలూరు జిల్లాలోకి వచ్చింది. టిక్కెట్లు తీసుకుని పడవ ఎక్కాం. ఎదురుగా విశాలమైన చెరువు. అందులో అక్కడక్కడా చెట్లు. చెట్లు చాలక అటవీశాఖవారు నీళ్ళలో ఇనుప స్టాండ్లు పాతి, పైన గూళ్ళు పెట్టుకోవడానికి వీలుగా అరలు అమర్చారు. ఆ స్టాండ్లన్నిటిమీదా పక్షులే. ఎర్రకాళ్ళ కొంగలు రెక్కల చివర గులాబిరంగు పూసుకుని, పెళ్ళికి వచ్చిన ముత్తయిదువల్లా కూర్చున్నాయి. నీటికాకులు రెక్కలు ఆరబెట్టుకుంటున్నాయి. వాటన్నిటినీ మించి గూడబాతులు.

చదువరులలో గూడబాతును దగ్గరగా చూడనివారు ఉండవచ్చు. బూడిదరంగు కలిసిన తెలుపు. అయిదు కిలోల పక్షి. రెక్కలు చాపిందంటే ఏడెనిమిది అడుగులు. జానెడు కాదు, మూరెడు ముక్కు. ఆ ముక్కుమీద వరుసగా మచ్చలు. ముక్కు కింద వేలాడే తిత్తి. నేలమీద నడిస్తే నవ్వొస్తుంది. గాలిలోకి లేచిందో, ఆ నవ్విన నోరే తెరుచుకుని ఉండిపోతుంది. అంత బరువు అంత తేలికగా ఎలా లేచిందా అని!

నేను తెలుగు పంతుల్ని గనుక దాని పేరుమీదికి పోయింది నా మనసు. చేలకు నీళ్ళు పెట్టడానికి ఇద్దరు మనుషులు తాళ్ళు పట్టుకుని ఊపుతూ నీళ్ళు తోడిపోసే బుట్టను గూడ అంటాం. గూడ వేయడమంటే ఒళ్ళు విరిగే పని. ఈ పక్షి చేసేదీ అదే. తిత్తిలో నీటితోపాటు చేపను ఎత్తుతుంది, నీరు వార్చేస్తుంది, చేపను మింగుతుంది. దానికి గూడబాతని పేరు పెట్టినవాడు ఏ పండితుడో అయి ఉంటాడని నాకు నమ్మకం లేదు. గూడ వేసి వేసి నడుము పట్టేసిన రైతు ఎవడో గట్టుమీద కూర్చుని, దీన్ని చూసి, తనలాంటిదేనని పెట్టి ఉంటాడు.

"ఇవి సైబీరియానుంచి వస్తాయి కదూ నాన్నా?" అంది మా అమ్మాయి.

పడవ నడిపే పెద్దాయన నవ్వాడు. "అందరూ అలాగే అంటారమ్మా. దూరదేశంనుంచి వచ్చాయంటే తప్ప మనవాళ్ళు టిక్కెట్టు కొనరు."

ఆయన అన్నది నిజం. చలికాలంలో కొల్లేటికి ఉత్తరదేశాలనుంచి బాతులూ ఉల్లంకులూ వచ్చే మాట వాస్తవమే. కాని ఈ మచ్చల ముక్కు గూడబాతు పరాయిది కాదు. మన దేశంలో, సింహళంలో, కాంబోడియాలో తప్ప ఇది గుడ్లు పెట్టే చోటు ఇంకెక్కడా పెద్దగా లేదు. ఇది మన ఇంటిపక్షి. మనమే దానికి సైబీరియా అని ఇంటిపేరు తగిలించాం.

పడవ ఒక స్టాండు దగ్గరగా పోయి నిలిచింది. గూట్లో పిల్ల తల్లి ముక్కులోకి తలంతా దూర్చి, గొంతులోంచి చేపను లాగి తింటోంది. తల్లి కళ్ళు మూసుకుని ఓర్చుకుంటోంది. ఈ దృశ్యాన్నే చూసి కాబోలు, పూర్వం ఐరోపావాళ్ళు ఈ పక్షి తన రొమ్ము చీల్చుకుని నెత్తురుతో పిల్లల్ని బతికిస్తుందని కథ కల్పించుకున్నారు. చర్చీల గోడలమీద ఆ బొమ్మను చెక్కుకున్నారు. అక్కడ పిల్లలకోసం తన రొమ్ము చీల్చుకున్న పక్షి కథ. ఇక్కడ నీటికోసం కన్నబిడ్డను బలి ఇచ్చిన మనిషి కథ. రెండూ కథలే అనుకోండి.

"శ్రీకాకుళం జిల్లాలో తేలినీలాపురమని ఉంది," అన్నాను మా అమ్మాయితో. "అక్కడ ఇవే గూడబాతులు, ఈ కొంగలే, ఊళ్ళో చింతచెట్లమీద గూళ్ళు పెడతాయి. పురిటికి పుట్టింటికి వచ్చిన ఆడపడుచులని ఊరివాళ్ళు వాటిని ఏమీ అననివ్వరు."

"పుట్టింటికి వచ్చిన ఆడపిల్లమీద టపాకాయలు వెయ్యరన్నమాట," అంది మా ఆవిడ తమ్ముడివంక చూడకుండా.

మా బావమరిది నీళ్ళవంక చూశాడు.

పడవ నడిపే ఆయనది కొల్లేటి లంకల్లో ఒక ఊరు. వయసు అరవై దాటి ఉంటుంది. మేష్టార్నని తెలిశాక నాతో మాట కలిపాడు. వాళ్ళ నాన్న దోనెమీద తిరిగి మావులు పెట్టి కొర్రమేను, మట్టగిడస పట్టేవాడట. 1970లలో ప్రభుత్వమే సహకార సంఘాలు పెట్టించి చేపల చెరువులు తవ్వించింది. ఆ సొసైటీలో ఈయనకూ ఒక వాటా వచ్చింది. తరువాత డబ్బున్నవాళ్ళు దిగారు. లీజులు, పెద్ద పెద్ద గట్లు. కొల్లేరు నీరు కనపడకుండా చెరువులే కనపడే రోజు వచ్చింది. 1999లో ప్రభుత్వం కొల్లేటిని అభయారణ్యంగా ప్రకటించింది. సముద్రమట్టానికి అయిదడుగుల ఎత్తు గీతవరకు, అంటే అయిదో కాంటూరుదాకా, 308 చదరపు కిలోమీటర్లు. పదో కాంటూరుదాకా లెక్కిస్తే సరస్సు 901 చదరపు కిలోమీటర్లు ఉంటుంది. 2002లో రాంసార్ ఒప్పందం కింద ప్రపంచ ప్రసిద్ధమైన చిత్తడినేలల జాబితాలోకి ఎక్కింది. 2006లో సుప్రీంకోర్టు ఉత్తర్వులమీద యంత్రాలు దిగి గట్లు తెగ్గొట్టాయి.

"మా చెరువు గట్టు తెగుతుంటే ఊరంతా నిలబడి చూశామండి," అన్నాడాయన. "పెద్ద గట్లవాళ్ళు ఇంకోచోట తవ్వుకున్నారు. మాకు ఇంకోచోటు లేదండి."

"మరి ఈ పక్షులమీద కోపం లేదా?" అని అడిగాను.

తెడ్డు ఆపి కాసేపు ఆలోచించాడు. "ఆటిమీద కోపమెందుకండి? ఆటికి గూడు కావాలి, మాకు కూడు కావాలి. రెండూ ఆ నీళ్ళలోనే ఉన్నాయండి. నీళ్ళు బాగుంటే ఇద్దరికీ సరిపోయేవి."

అభయారణ్యం అయిదో కాంటూరుదాకా ఉండాలా, మూడుకు తగ్గించాలా అని ఏళ్ళ తరబడి వాదం నడిచింది. తగ్గించవద్దని 2011లో నిపుణుల సంఘం చెప్పింది. తగ్గించాలని 2015లో శాసనసభ తీర్మానించింది. ఆ వాదంలో ఎవరి లెక్కలు వారికున్నాయి. ఈ పడవ మనిషి చెప్పిన లెక్క ఒక్కటే ఏ కాగితంలోనూ నా కంటపడలేదు.

ఇంతలో ఆయన ఒక గూటివైపు వేలు చూపించాడు. గూట్లో ఎదిగీ ఎదగని పిల్ల ఒకటే కూర్చుని ఉంది. మెడ వాల్చుకుని ఉంది.

"దాని తల్లో తండ్రో ఒకటి రావడం మానేసిందండి. ఇంకొకటే మేత తెస్తోంది. ఒక్కటీ తెచ్చేది చాలదండి. ఇక్కడున్న చేప ఇన్ని పక్షులకి సాలదు గదండీ, బయట చెరువులకి పోతాయి. అక్కడ నైలాను దారాలు కడతారు. ఎండలో ఆ దారం పక్షికి కనపడదండి. దిగేటప్పుడు రెక్కకి చుట్టుకుంటే ఇంక లేవలేదు. కోసుకుపోద్ది. మొన్న ఒకటి రెక్కకి రెండు బారల దారంతో వచ్చి ఇక్కడే పడింది."

మా కుటుంబంలో ఎవరమూ మాట్లాడలేదు. మా బావమరిది చెరువుమీద దారాల సంగతి ఆయనకు తెలియదు. తెలిసి అన్నా అంత సూటిగా తగిలేది కాదు. ఆటపాక గవర్నమెంటు పక్షీ, గణపవరం దొంగపక్షీ వేరువేరు కావని మా అందరికీ ఒక్కసారే తెలిసింది. కంచె మనుషులకు కనిపిస్తుంది. పైన ఎగిరేదానికి కింద కనిపించేది నీరొక్కటే.

ఒడ్డుకు వచ్చాక మా బావమరిది వెనక ఉండిపోయాడు. పడవ మనిషితో ఏదో మాట్లాడుతున్నాడు. మేము కారు దగ్గర కాచుకుని ఉన్నాం.

తిరుగుదారిలో ఉండి మీదుగా పోదామని నేనే అన్నాను. అక్కడికి దగ్గర ఆరేడు అనే ఊరు ఉంది. కె. కె. నీలకంఠన్ అనే కేరళీయుడు, వృత్తిరీత్యా మనలాగే అధ్యాపకుడు, ఇంగ్లీషు చెప్పేవాడు. ఇందుచూడన్ అనే కలంపేరుతో మలయాళంలో పక్షుల్ని గురించి రాసి పేరు పొందాడు. 1946లో ఆయన ఈ ఆరేడు దగ్గర చెట్లమీద గూడబాతుల గూళ్ళు కనిపెట్టాడు. ఒకటీ రెండూ కాదు, సుమారు 3000 పక్షులు! ఆ సంగతి 1949లో బొంబాయి నాచురల్ హిస్టరీ సొసైటీవారి పత్రికలో వ్యాసంగా రాశాడు. 1974 ప్రాంతానికల్లా ఆ పక్షుల ఊరు లేకుండా పోయింది.

ఆరేడులో టీ దుకాణం దగ్గర ఆగాం. "ఇక్కడ ఒకప్పుడు గూడబాతులు గూళ్ళు పెట్టేవట, ఏ వైపు?" అని అడిగాను. టీ పోస్తున్న కుర్రవాడు నన్ను ఎగాదిగా చూశాడు.

"పక్షులకోసమా అండి? ఆటపాక వెళ్ళండి. అక్కడ బోటు కూడా ఉంది. ఆయ్."

అతనికి చెప్పిన తప్పు లేదు. అతను పుట్టకముందే అవి వెళ్ళిపోయాయి. వెళ్ళిపోయిన ఆడపడుచుకు పుట్టింటివాళ్ళే గుర్తుపెట్టుకోకపోతే ఊరికేం గుర్తుంటుంది? టీ తాగుతూ చుట్టూ చూశాను. చెరువులు, కొబ్బరిచెట్లు, కరెంటు స్తంభాలు. మూడువేల పక్షులు కూర్చున్న చెట్లు ఎక్కడుండేవో, ఆ ఆకాశం ఎంత నిండి ఉండేదో ఊహించడానికి ప్రయత్నించాను. మా ఆవిడ పుట్టిన ఊరినుంచి ఇది ఎంతో దూరం కాదు. మా మామగారు చిన్నతనంలో ఇవే పక్షుల్ని తలెత్తి చూసి ఉంటారు. వాటి మాట ఇంట్లో ఎవరూ ఎన్నడూ ఎత్తలేదు. నిత్యం కనిపించేదాన్ని గురించి ఎవరు చెబుతారు?

కారు ఎక్కాక మా బావమరిది అన్నాడు: "బావగారూ, దారాలు తీసెయ్యమంటే తీసెయ్యలేను. అప్పుంది. మీకు తెలుసు."

"నేనేమీ అనలేదే," అన్నాను.

"ఆయన్ని అడిగాను. దారానికి బారెడు బారెడు దూరంలో రంగుగుడ్డ పీలికలు కడితే గాలికి ఆడతాయట. దూరంనుంచే కనపడితే పక్షి దిగదు, చిక్కుకోదు. నా చేప నాకు మిగులుతుంది, దాని రెక్క దానికి మిగులుతుంది."

"నిజంగా పని చేస్తుందా?" అంది మా ఆవిడ.

"చూడాలి. చెయ్యకపోతే నా చేప పోతుంది. అది కొత్తేం కాదుగా."

మరునాడు ఉదయం మేము ప్రయాణానికి సామాను సర్దుకుంటుంటే మా ఆవిడ వెళ్ళి అత్తగారి పాత పెట్టె తెరిచింది. అందులోంచి తన పెళ్ళికి ముందు కట్టుకున్న ఎర్ర వాయిలు చీర తీసింది. అత్తగారు ఏదో అనబోయి ఊరుకున్నారు. అక్కా తమ్ముడూ వాకిట్లో అరుగుమీద కూర్చుని ఆ చీరను జానెడు వెడల్పు పీలికలుగా చింపసాగారు. మా అమ్మాయి లెక్కపెట్టి కట్టలు కట్టింది. నూటఅరవై అయ్యాయి.

"చెరువంతటికీ చాలవు," అన్నాడు మా బావమరిది.

"నా చీరలు ఇంకా ఉన్నాయి లేరా," అంది మా ఆవిడ.

ఊరి శివారునుంచి టపాకాయ ఒకటి ఢామ్మంది.